760 పేజీల 'గ్రావిటీస్ రెయిన్‌బో': ఆన్‌లైన్ బృందంలో చేరనా, వద్దా?

కోఠి లెక్కలమ్మ:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

థామస్ పించన్ నవల 'గ్రావిటీస్ రెయిన్‌బో' (1973) చదవాలని చాన్నాళ్లుగా ఉంది. పుస్తకం ఇంట్లోనే ఉంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, ఎంసెట్ గైడ్ల కట్ట కింద దొరికింది. అమ్మే అతను చేతిలో ఎత్తి బరువు చూసి ధర చెప్పాడు, నేను సగానికి బేరమాడి తెచ్చుకున్నాను. అప్పటినుంచి కుట్టుమిషన్ మీద ఉంటోంది.

మొదలు బాగానే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం ఆఖరి నెలలు, లండన్ మీద జర్మన్ రాకెట్లు పడుతుంటాయి. ఒక సైనికాధికారి మేడమీద గాజుగదిలో అరటిచెట్లు పెంచి, ఆ పళ్లతో తోటివాళ్లందరికీ పొద్దున్నే రకరకాల టిఫిన్లు చేసిపెడతాడు. అక్కడిదాకా నాకూ ఆకలేస్తుంది. ఆ తర్వాత ఎవరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలియదు. వాక్యం ఒకరి బుర్రలో మొదలై ఇంకొకరి కలలో తేలుతుంది. మధ్యలో పాటలు, ఆ వెంటనే రసాయనశాస్త్రం. ఈ మనిషెవరా అని వెనక్కి తిప్పితే, ఆ పేరు ముందు ఎక్కడా కనపడదు.

ఇప్పుడు ఒక ఆన్‌లైన్ బృందం ఈ నవల మొదలుపెడుతోంది. ఎక్కువమంది అమెరికా వాళ్లు. వారానికి 50 పేజీల లోపు, 16 వారాలు. న్యూయార్క్‌లో ఆదివారం రాత్రి ఎనిమిదికి వీడియో కాల్, అంటే మనకి సోమవారం తెల్లవారి 5:30. ప్రతి వారం ఒకరు ఆ భాగం గురించి పది నిమిషాలు చెప్పాలి, వంతు అందరికీ వస్తుంది. ఫారం నింపడానికి ఇంకా కొద్ది రోజులే గడువు.

నా సంగతి చెప్తాను. కోఠిలో మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. జీఎస్టీ నోటీసులు చదివీ చదివీ ఎంత పొడుగు ఇంగ్లీషు వాక్యమైనా మింగగలను, నోరు తెరిచి మాట్లాడాలంటేనే కష్టం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో చదువుకుందామంటే, నిలబడి ఒక చేత్తో పట్టుకునే పుస్తకం కాదు. పైగా సోమవారం మాకు నల్లా వచ్చే రోజు, అది కూడా సరిగ్గా ఆ టైముకే.

బృందాలంటే భయం కూడా ఉంది. ఇంతకు ముందు ఒక పెద్ద నవల కోసం మేం కొందరం వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే రెండో వారానికి శుభోదయాలు మొదలయ్యాయి, మూడో వారానికి ఫ్లాట్ల అమ్మకాలు. నవల గురించి చివరి మెసేజ్ "నేను ఇంకా కొనలేదు" అని.

ఇలాంటి బృందంలో చేరి ఈ పుస్తకం పూర్తి చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నిజంగా ఉపయోగపడుతుందా, లేక తెలిసినవాళ్లు మాట్లాడుతుంటే మనం తలూపుతూ కూర్చోవడమేనా?


గచ్చిబౌలి గుడ్లగూబ:

అక్కా, చేరు. ఎక్కువ సోచాయించకు. నాది రాత్రి డ్యూటీ, అందుకే ఆ టైము నాకు కుదిరింది. పోయినేడు గిసొంటి గ్రూపుల్నే ఈ బుక్కు పూర్తి చేసిన. నేను గూడ తెలుగు మీడియమే, సిద్దిపేట దిక్కు.

అండ్ల అందరు పండితులే ఉంటరనుకుంటున్నవ్. ఉండరు. మా గ్రూపుల ఒక ట్రక్కు నడిపేటాయన ఉండె, ఒక రిటైర్డ్ నర్సు ఉండె. ఒక్కడు మాత్రం ప్రతి వారం థియరీ కొట్టేటోడు. గసొంటోడు ప్రతి గ్రూపుల ఒకడు తప్పదు, వాడు అందుకున్నప్పుడు నువ్వు లేచి చాయ్ పెట్టుకో. అసలు పనికొచ్చిన మనిషి ఆ నర్సు. "వీడెవడు? ఇంతకుముందు వచ్చిండా?" అని ఆమె అడుగుతది. సగం మంది "అమ్మయ్య, మాకు గూడ తెల్వది" అంటరు. గప్పుడు అందరం వెనకకు తిప్పి దేవులాడుతం. ఆ దేవులాటల్నే బుక్కు సమజైంది నాకు. నువ్వు ఆ నర్సు పని చెయ్యి, ఇంగ్లీషు మూడు ముక్కలొస్తె చాలు.

పని కొచ్చే ముచ్చట: ఈ బుక్కుల చాప్టర్లకు నంబర్లుండయ్. ఒక ముక్క అయిపోంగనే చిన్న చదరాలు వరుసగ అచ్చేసి ఉంటయ్. సినిమా రీలు అంచుకు ఉండే బొక్కలని మస్తు మంది అంటరు. మొత్తం 73 ముక్కలు. మొదటి భాగంల 21, రెండోదాంట్ల 8, మూడోదాంట్ల 32, నాలుగోదాంట్ల 12. ఈరాత్రే కూసొని పెన్సిల్ తోని నంబర్లేసుకో. 760 పేజీలు మొదటి అమెరికా ముద్రణకు. నీ ఫుట్‌పాత్ కాపీ వేరేదైతే పేజీలు కలవయ్, కాల్‌ల వాళ్లొక కాడ ఉంటరు, నువ్వొక కాడ.

పేర్లన్నీ రాసుకునుడు పెట్టుకోకు. నాలుగు వందల దాక ఉంటరంటరు. స్లోత్రాప్, రోజర్, పాయింట్స్‌మన్, కాట్యె, ఎంజియన్, బ్లిసెరో, వీళ్లను పట్టుకో, మిగిలినోళ్లను పోనియ్. మూడో భాగం యుద్ధం ఒడిసినంక జర్మనీల నడుస్తది, గ్రూపులు ఖాళీ అయ్యేది గాడనే. మాది గూడ సగం అయింది.

ఇంకోటి, గలీజు సీన్లుంటయ్. ఉత్త బూతు కాదు, కడుపుల దిప్పేటియి. రెండో భాగంల ఒక ముసలి బ్రిగేడియర్ సీన్ వస్తది, అది దాటేసినోళ్లు ఎందరో. ఎవ్వలు అడగరు.

నల్లా గురించి: నవంబర్ మొదటి ఆదివారం అమెరికోళ్లు గడియారం ఒక గంట వెనకకు తిప్పుతరు. నీ 5:30 గప్పుడు 6:30 అయితది. అప్పటిదాక ఎట్లనో ఒకట్ల నెట్టుకురా.


పాత సంచికలు:

లెక్కలమ్మగారూ, మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోకండి. అయినా అడుగుతాను, ఎందుకండీ?

1974లో పులిట్జర్ జ్యూరీలో ముగ్గురూ ఏకగ్రీవంగా ఈ నవలకే ఇవ్వమన్నారు. పైనున్న బోర్డు చదవలేకపోయాం, అశ్లీలం అని తిప్పికొట్టింది. ఆ ఏడు నవలకి బహుమతే లేదు. నేషనల్ బుక్ అవార్డు ఇస్తే రచయిత రాకుండా ఒక హాస్యనటుడిని వేదిక మీదకి పంపాడు, ఆయన ఏదో అసందర్భ ప్రసంగం చేసి వెళ్లాడు. పాఠకుడిని ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్న మనిషికి నాలుగు నెలల తెల్లవారుజాములు ధారపోయాలా? నేను బోర్డు పక్షం.

మీ ఊళ్లోనే, ఉస్మానియా క్యాంపస్‌లోనే నడిచే నవల 'అనుక్షణికం' ఉంది. వడ్డెర చండీదాస్ డెబ్బైల నాటి హైదరాబాదునంతా అందులోకి దింపాడు. దాంట్లోనూ లెక్కలేనంతమంది మనుషులు, దాంట్లోనూ తికమక. దాన్ని పూర్తిగా చదివినవాళ్లు ఈ చర్చలో ఎందరో చేతులెత్తండి చూద్దాం.

రెండో మాట. నవల ఏకాంతంలో చదవాల్సింది. వారానికింత అని కొలిచి, తర్వాత పదిమంది కూర్చుని విప్పి చూసుకోవడం ట్యూషన్ అవుతుంది. అర్థం కాకపోతే కాలేదు, పుస్తకానికీ మీకూ మధ్య మూడోమనిషి దేనికి?


కంచన్‌బాగ్ పెన్షనర్:

అమ్మా లెక్కలమ్మా, నేను ఎక్కడ పనిచేశానో చెప్పను, పైన పేరు చూస్తే ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. సాహిత్యం నాకు పెద్దగా తెలియదు. ఈ నవల చదివింది రాకెట్ కోసం. ఆ సంగతి కొంచెం తెలిస్తే మీకు సగం తలనొప్పి తగ్గుతుంది.

నవలలో లండన్ మీద పడే రాకెట్ వి-2, దాని అసలు పేరు ఏ-4. ఎత్తు 14 మీటర్లు, బయలుదేరేటప్పుడు బరువు పన్నెండున్నర టన్నుల దాకా, ముక్కులో టన్నుకి కాస్త తక్కువ పేలుడు సరుకు. ఆల్కహాలు, ద్రవ ఆక్సిజన్ కలిపి మండిస్తారు. ఇంజన్ మండేది ఒక నిమిషం పైచిలుకు మాత్రమే. ఆ తర్వాత దాన్ని నడిపేవాడు లేడు, విసిరిన రాయి ఎలా పడుతుందో అలా పడాల్సిందే. ఆ వంపే నవల పేరులోని ఇంద్రధనుస్సు. దూరం 320 కిలోమీటర్ల వరకు. లండన్‌లో మొదటిది చిజిక్‌లో పడింది, 1944 సెప్టెంబర్ 8న.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. అది ధ్వని కంటే వేగంగా వస్తుంది. ముందు పేలుతుంది, అది వస్తున్న చప్పుడు తర్వాత వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నవాడు అప్పటికే బతికిపోయినవాడు. నవలంతా ఈ తిరకాసు మీద నడుస్తుంది. స్లోత్రాప్ అనే అమెరికన్ కుర్రాడు లండన్ మ్యాపు మీద తను ఆడవాళ్లతో గడిపిన చోట్ల నక్షత్రాలు అంటిస్తాడు. కొద్దిరోజులకి సరిగ్గా అక్కడే రాకెట్ పడుతుంది. కారణం వెనక, ఫలితం ముందు. కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్‌కి శిష్యపరమాణువు ఒకడు, పాయింట్స్‌మన్, దీనికి కారణం కనిపెట్టాలని కుర్రాడి వెంట పడతాడు. ఇది ఒక్కటి పట్టుకుంటే మొదటి భాగం దారి తప్పదు.

పించన్ ఈ విషయాలు గాలిలో రాయలేదు. 1960 నుంచి 62 దాకా సియాటిల్‌లో బోయింగ్‌లో క్షిపణి పత్రాలు రాసే ఉద్యోగం చేశాడు. ఆ చేయి తెలుస్తూనే ఉంటుంది.

పాత సంచికలుగారూ, మీరు "ఎందుకు" అన్నారు కదా. మూడో భాగంలో పోక్లర్ అనే ఇంజనీరు కథ ఉంది. రాకెట్ పనిలో పడి ఏడాదికోసారి మాత్రమే కూతుర్ని చూసే మనిషి. వచ్చేది తన కూతురేనా, ప్రతిసారీ వేరే పిల్లని పంపుతున్నారా అని కూడా తేల్చుకోలేడు. అతను పనిచేసే భూగర్భ కర్మాగారం పక్కనే డోరా అనే ఖైదీల శిబిరం, గోడకి అటువైపు. ఆ రాకెట్ పడి చనిపోయినవాళ్ల కంటే దాన్ని తయారుచేస్తూ చనిపోయిన ఖైదీలే ఎక్కువని చరిత్రకారుల లెక్క. నా సర్వీసంతా మేం మాట్లాడుకున్నది థ్రస్టు, రేంజి, టెస్టు తేదీలు. ఈ అధ్యాయం గురించి పాత సహోద్యోగులెవరికీ ఇంతవరకు చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక. బృందం ఉంటే చెప్పేవాడినేమో. అందుకని నా ఓటు చేరమనే.


సైదాబాద్ స్టాటిస్టిక్స్:

పెన్షనర్‌గారు రాకెట్ తీసుకున్నారు గనుక నేను మ్యాపు తీసుకుంటాను. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, ఈ నవలలో నాకు పూర్తిగా తెలిసింది అదొక్కటే.

నవలలో రోజర్ మెక్సికో గణాంకవేత్త. లండన్‌ని చదరాలుగా గీసి, ఒక్కో చదరంలో ఎన్ని రాకెట్లు పడ్డాయో లెక్కపెడతాడు. అది పాయిసాన్ పంపిణీకి, అంటే గురి లేకుండా ఎక్కడపడితే అక్కడ పడితే ఎన్ని చదరాల్లో ఎన్నెన్ని పడాలో చెప్పే సూత్రానికి, సరిగ్గా సరిపోతుంది. దీనికి అసలైన లెక్క ఉంది. ఆర్.డి. క్లార్క్ అనే ఆయన 1946లో ప్రచురించాడు. అది వి-2 కాదు, అంతకు ముందు వచ్చిన వి-1 ఎగిరే బాంబులది. దక్షిణ లండన్‌లో 144 చదరపు కిలోమీటర్లు తీసుకుని 576 చదరాలు చేశాడు. పడిన బాంబులు 537. ఒక్కటీ పడని చదరాలు 229, సూత్రం ప్రకారం రావాల్సినవి దాదాపు 227. ఒక్కటే పడినవి 211, సూత్రమూ 211 అనే చెప్తుంది. అంటే శత్రువు ఏ పేటకీ గురిపెట్టలేదు, జనం ఊహించుకున్న కుట్ర అక్కడ లేదు. ఏటా పిల్లలకి ఈ పట్టిక బోర్డు మీద వేస్తాను. ఎవరో ఒకరు లేచి "మరి ఇప్పటిదాకా పడని చదరంలో ఇల్లు తీసుకుంటే సేఫా సార్?" అంటారు. నవలలో కూడా రోజర్‌ని అదే అడుగుతారు. కాదు, అన్ని చదరాలకీ ఎప్పుడూ అంతే అవకాశం అంటాడు. ఎవరికీ నచ్చదు.

మేడమ్, మీరు రోజూ లెక్కలు చూసే మనిషి. మీ వంతు వచ్చేదాకా ఆగకండి, ఈ భాగాన్ని మీరే అడిగి తీసుకోండి. మొదటి భాగంలో తొమ్మిదో ముక్క. పట్టిక తెర మీద పెడితే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు అంకెలే మాట్లాడతాయి. పట్టిక నేను తెలుగులో వివరంగా రాసి పెడతాను.


కోఠి లెక్కలమ్మ:

ఇంత రాస్తారనుకోలేదు. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. గుడ్లగూబ తమ్ముడూ, నిన్న రాత్రే నంబర్లేశాను. 73 సరిగ్గా వచ్చాయి, ట్రయల్ బ్యాలెన్స్ కలిసినంత సంతోషమైంది. నా కాపీ 760 పేజీలదే.

పాత సంచికలుగారూ, 'అనుక్షణికం' చదివాను, చెయ్యెత్తాను. అది ఆంధ్రజ్యోతి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల కదండీ. వారం వారం ఇంత అని కొలిచి ఇస్తేనే జనం చదివారు, అప్పుడెవరూ ట్యూషన్ అనలేదు. మా అమ్మవాళ్లు మలక్‌పేటలో ఒకే కాంపౌండులో నాలుగు పోర్షన్ల వాళ్లు కలిసి ఒక్క పత్రిక వేయించుకునేవారు. ముందు చదివినవాళ్లు కథ చెప్పకూడదని కట్టుబాటు. చెప్పేసిన పిన్నిగారికి మళ్లీ వారం పత్రిక ఆఖరున అందేది. అందరి చేతులూ అయ్యేసరికి బట్టలుతికే చోట దాని మీద పెద్ద సభే జరిగేది. నాకు నవలలంటే ఇష్టం పుట్టింది అక్కడ.

ఏకాంతంలో చదవాలన్నారు. తలుపు వేసుకోవడానికి ఒక గది ఉన్నవాళ్ల మాట అది. నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే మా ఇంట్లో దాని అర్థం నేను ఖాళీగా ఉన్నానని. "చదువుకుంటున్నావు కదా, కాస్త పాలు చూడు" అంటారు. అదే ల్యాప్‌టాప్ ముందు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే, అత్తయ్య కూడా గుమ్మం దగ్గరే ఆగి, సైగ చేసి వెళ్లిపోతుంది. మీటింగ్ అంటే ఈ ఊళ్లో అంత గౌరవం. మొన్న ప్రశ్న అడిగేటప్పుడు నాకే తట్టలేదు కానీ మీ జవాబు చదువుతుంటే తేలింది. నాకు ఆ బృందం నుంచి కావలసింది అర్థాలు కాదు, ఆ గంటన్నర. దానికోసం ముందు వారమంతా "మీటింగ్‌కి ప్రిపేర్ అవుతున్నా" అని రోజుకి ఏడు పేజీలు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా చదువుకోవచ్చు. రచయిత నన్ను ఆటపట్టిస్తే పట్టించుకోనివ్వండి. ఆ పని చేసేవాళ్లు దుకాణంలో చాలామంది ఉన్నారు, వాళ్లెవరూ అరటిపళ్ల టిఫిన్ పెట్టరు.

పెన్షనర్‌గారూ, పోక్లర్ అధ్యాయం వచ్చే వారం ముందుగా ఇక్కడే చెప్తాను. మీరు అప్పుడు ఎలాగో ఒకలా మొదలుపెట్టాలి.


పాత సంచికలు:

మీటింగ్ సంగతికి నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ముందు గది ముప్పై ఏళ్లుగా నా ఒక్కడిదే అని ఇది చదివి మా ఆవిడ గుర్తుచేసింది. నవల గురించి మాత్రం మాట మార్చను.

అయితే ఒక పని చేద్దాం. మీరు సోమవారం వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడే ముందు, శనివారం సాయంత్రం ఇక్కడ తెలుగులో చెప్పుకోండి. నేనూ ఒక కాపీ తెప్పించుకుంటాను. ప్రతి వారం ఇది ఎందుకు చెత్తో చెప్పడానికి ఒకరు ఉండాలి కదా. బ్రిగేడియర్ సీను మాత్రం నేను చదవను, ముందే చెప్తున్నా.


కంచన్‌బాగ్ పెన్షనర్:

శనివారం నేను సిద్ధం. పెద్ద అక్షరాల ముద్రణ ఎక్కడైనా దొరుకుతుందా? నా పుస్తకంలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్లజోడు మీద భూతద్దం పెడుతున్నాను.


గచ్చిబౌలి గుడ్లగూబ:

సార్, ఫోన్ల ఈ-బుక్ పెట్టుకోండ్రి, అక్షరాలు ఎంత పెద్దగనైనా చేసుకోవచ్చు. కాకుంటే ముక్కలకు నంబర్లు అండ్ల గూడ ఉండయ్, నేను లిస్టు తయారు చేసి పెడ్త, ఏ ముక్క ఏ మాటతోని షురూ అయితదో.

శనివారం సాయంత్రం ఏడు గంటలకు లింకు నేనే పెడ్త. శుభోదయం మెసేజ్ పెట్టినోళ్లను ఒక వారం బైటికి.


కోఠి లెక్కలమ్మ:

ఫారం నింపేశాను. రెండో వారం వంతు నాకు ఇమ్మని అడిగాను, వెంటనే ఒప్పుకున్నారు, ఆ వారానికి ఎవరూ పేరివ్వలేదట. నల్లా సంగతి మా ఆయన చూసుకుంటానన్నాడు. స్టాటిస్టిక్స్ సార్, పట్టిక ఈ ఆదివారం లోపల పెట్టండి, దయచేసి.


గచ్చిబౌలి గుడ్లగూబ:

ఆగాగు అక్కా, రెండో వారమా? అండ్ల 9వ ముక్క లెక్కలది, కరెక్టే. దాని ఎన్కనే 10వ ముక్క ఉంటది చూడు. స్లోత్రాప్‌కు మందు సూది ఇస్తరు, వాడు మత్తుల పడి ఒక డ్యాన్స్ హాలు కమోడ్‌ల మౌతార్గాన్ పడిందని దాని ఎంబడి అండ్లకే దూకుతడు. పేజీలకు పేజీలు పైపుల్నే ఉంటడు. అది గూడ నువ్వే చెప్పాలె. గందుకే ఎవ్వలు ఆ వారం తీసుకోలే!


కోఠి లెక్కలమ్మ:

ఇప్పుడే చదివాను. సోమవారం పొద్దున ఇంగ్లీషులో ఎలాగో చెప్పేస్తాను, అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. శనివారం మీ అందరి ముందు తెలుగులో మాత్రం నావల్ల కాదు. ఆ ముక్క పాత సంచికలుగారు చెప్తారు, చెత్త అని తిట్టడానికైనా ముందు కథ చెప్పాలి కదా.